తడి తగిలినట్టుంది

మా ఆయన ఉద్యోగమేమిటని ఎవరైనా అడిగితే నాకు ఒళ్లు మండుతుంది. సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ అని చెబితే, "ఓహో, కలెక్టరాఫీసులోనా?" అంటారు. కాదమ్మా, రక్తపరీక్షల సెంటర్లో కంప్యూటర్లు చూసుకుంటాడు అంటే, "ఓ, రిపేరు పనా" అని మొహం అటు తిప్పుకుంటారు. ఏం చెప్పమంటారు నన్ను? మా సెంటరు పెద్దది మదనపల్లెలో ఉంది. పుంగనూరులో ఒక బ్రాంచి, కుప్పంలో ఒక బ్రాంచి. ఈ మూడు ఊళ్లలో కంప్యూటర్లు, ప్రింటర్లు, ఒక్కో ఊళ్లో రిపోర్టులన్నీ దాచిపెట్టే సర్వర్ డబ్బా, వీటన్నిటినీ కలిపే నెట్టు, ఇవేవీ ఆగకుండా చూడాల్సింది ఈయన ఒక్కడే. అన్నీ నడుస్తున్నంత సేపూ సుకుమార్ అనేవాడు ఒకడున్నాడని ఎవరికీ గుర్తుండదు. ఏదైనా ఆగిందా, ఇక పెళ్లిభోజనంలో సాంబారు అయిపోయినట్టు అందరూ ఒక్కసారిగా కేకలే.

నేనూ మదనపల్లె సెంటర్లోనే ల్యాబ్ టెక్నీషియన్‌ని. పేరు ఫ్లోరా. నోరు పెద్దదని నాకు పేరుంది, అందులో అబద్ధమేమీ లేదు. ఆయనకేమో నోట్లో నాలుక లేదు. ఫోన్ మోగితే చాలు, "వస్తాండాను సార్" అని చెప్పులు వేసుకుంటాడు. కుప్పం కౌంటరులో ఉండే మునికుమార్ "సార్, సిస్టమ్ చచ్చిపోయినాది" అంటే పలమనేరు మీదుగా బస్సులో ఊగుతూ అంత దూరమూ పోతాడు. పోయి చూస్తే ఎవరో ప్లగ్గు పీకేసి సెల్లు చార్జింగు పెట్టుకుని ఉంటారు. ఇంకోసారి పోతే ఎలుక వైరు కొరికేసింది. మా యజమాని గంగులప్ప గారింట్లో టీవీ రాకపోయినా ఈయనే. ఒకసారి ఆయన భార్య అన్నపూర్ణమ్మ, "కంప్యూటర్లే బాగుచేస్తావంట, మిక్సీ ఏమంత కష్టమప్పా?" అంది. ఈయన కిక్కురుమనకుండా వాళ్ల వంటింట్లో కూర్చుని మిక్సీ విప్పాడు. నేనైతే ఆ జారు ఆమె చేతిలోనే పెట్టి వచ్చేదాన్ని.

అలాంటి మెత్తటి మనిషి ఎవరికీ చెడు చేయడని అనుకునేదాన్ని. మెత్తటివాళ్లు చేసే చెడు ఎలా ఉంటుందో పోయిన ఆయుధపూజకు చూశాను.

పుంగనూరు బ్రాంచిలో యమున అని ఒక అమ్మాయి ఉంది. మొదట ఊడ్చి తుడవడానికి చేరింది. తుడుస్తూ తుడుస్తూ కీబోర్డు మీది అక్షరాలు కూడబలుక్కుంటుంటే మా ఆయన చూసి, పోయినప్పుడల్లా కాస్త కాస్త నేర్పించాడు. ఏడాది తిరిగేసరికి పేషెంట్ల పేర్లు ఎక్కించి, రిపోర్టులు తీసి ఇచ్చే కౌంటరు ఆమెదే అయింది. వాళ్లమ్మ ఇందిరమ్మ ఇంటి ముందర ఇడ్లీలు పోసి అమ్ముతుంది. ఆ వీధిలో కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చున్న మొదటి ఆడపిల్ల యమునే. అక్కడికి ఎవరైనా రక్తం ఇచ్చేందుకు పోతే, "మా యమున ఉంటాది, పో" అని గర్వంగా చెప్పేవాళ్లంట. మా ఆయనంటే ఆ పిల్లకు గురువుతో సమానం.

మా పక్క ఆయుధపూజ అంటే మాటలా! లారీ నుంచి కుట్టుమిషన్ దాకా ప్రతిదాన్నీ ఆ పొద్దు ఆపేసి, కడిగి, గంధం కుంకం పెట్టి, పూలు వేసి, గుమ్మడికాయ కొడతారు. మేం క్రైస్తవులం, పూజ చెయ్యం. బొరుగులు, బెల్లం మాత్రం అన్ని అంగళ్లలోనూ మొహమాటం లేకుండా తింటాం. పుంగనూరు బ్రాంచిలో ఆ పూజ యమున చేసింది. కంప్యూటర్లన్నీ పద్ధతిగా ఆపింది. సర్వర్ డబ్బాను పొడిగుడ్డతో తుడిచి, గంధం బొట్లు పెట్టి, చామంతి దండ వేసి, మామిడాకుతో పసుపునీళ్లు చల్లి హారతిచ్చింది. పండగ సెలవు అయ్యాక తెరిచి స్విచ్చి వేస్తే అన్నీ లేచాయి, సర్వర్ లేవలేదు.

గంగులప్ప గారు కారు తీశారు. మా ఆయన్ను ముందర కూర్చోబెట్టుకుని, రిపోర్టులు చేత్తో రాయడానికి మనిషి కావాలని నన్నూ వెనక ఎక్కించారు. పోయేసరికి జనం మెట్ల మీద దాకా నిలబడి ఉన్నారు. షుగరు వాళ్లు, థైరాయిడ్ వాళ్లు, పాత రిపోర్టు పక్కన పెట్టి చూసుకోవాల్సిన వాళ్లంతా "మా పాతవి యాడమ్మా?" అని యమునను అడుగుతున్నారు. ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు.

మా ఆయన డబ్బా మూత తీశాడు. లోపలికి చాలాసేపు చూశాడు. లాప్‌టాప్ తగిలించాడు, తీశాడు. బ్యాకప్ కోసం పక్కన పెట్టిన డిస్కును తెరిచి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. నాకు తెలుసు, ఆయనకు చెవులు ఎర్రబడ్డాయంటే వ్యవహారం చెడింది.

"ఏమైందప్పా సుకుమారూ?" అన్నారు గంగులప్ప గారు.

ఆయన నోరు తెరిచేలోపే యమున చున్నీ కొస మెలిపెడుతూ ముందుకొచ్చింది. "సార్, నేను పసుపునీళ్లు సల్లినా సార్. రొన్ని సుక్కలే."

"కరెంటు డబ్బా మీద నీళ్లా?" గంగులప్ప గారు గుడ్లురిమారు. "బుద్ధుండాదా నీకు? ఏమప్పా, నీళ్లకేనా పోయింది?"

అందరూ మా ఆయన వైపే చూశారు. ఆయన డబ్బా మీద ఎండిపోయిన గంధం బొట్టును వేలితో గీకుతూ, "తడి తగిలినట్టుంది సార్" అన్నాడు.

అంతే అన్నాడు. యమున అక్కడే గోడకు ఆనుకుని కూలబడి ఏడ్చింది. మా ఆయన పోయి నీళ్లు తెచ్చిచ్చి, "ఏడవొద్దు యమునా, పొరపాట్లు ఎవరికైనా జరుగుతాయి" అని ఓదార్చాడు. నేను రిపోర్టులు రాస్తూ, ఎంత మంచి మనసయ్యా నీది అని లోలోపల మురిసిపోయాను. ఆ మురిపెం తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఇంటికొచ్చాక ఆయన అన్నం ముట్టలేదు. జ్వరమేమో అని నుదురు పట్టుకుని చూశాను. నా చెయ్యి తీసేసి, నేల చూపులు చూస్తూ అన్నాడు.

"తడి కాదు ఫ్లోరా."

"మరి?"

"దాంట్లో రెండు డిస్కులుంటాయి. ఒకటి పోతే ఇంకోటి కాపాడల్ల. ఒకటి పోయి శానా నాళ్లయింది. ఉన్నొక్కదాని మీదే నడుస్తా వచ్చింది. పండగకు ఆపినారు గదా, అదీ ముసిలిది, మళ్లా లేవలా."

"నీకు తెలీదా పోయినట్టు?"

"మెయిల్ వచ్చింది. రోజూ వచ్చింది. కరెంటు పోయినప్పుడల్లా మూడూళ్ల నుంచీ మెయిళ్లు వస్తానే ఉంటాయి. తల తినేస్తాయని అన్నీ ఒక పక్కకు పోయేటట్టు పెట్టేసినా. తెరిసి సూడలా."

"బ్యాకప్పు?"

"ఆ డిస్కు ఎప్పుడో నిండిపోయింది. దాని మెయిలూ ఆ పక్కకే పోయింది."

నేను ఆయన ముట్టని కంచం పక్కకు తోసేశాను. ఇంకా ఏదో ఉందని ఆయన మొహం చూస్తేనే తెలుస్తోంది. "ఇంగేముంది? కక్కు" అన్నాను.

"యమున ఫోన్ జేసింది అప్పట్లో. 'సార్, డబ్బా కూస్తాండాది' అని. ఆ కూత డిస్కు పోయిందనే. నేను కుప్పంలో ఉండాను, ఎలుక కొరికిన వైరు లాగుతా ఉండా. వెనకాల బటన్ ఒత్తు, ఆగిపోతాది అని చెప్పినా. వచ్చే వారం పొయ్యి డిస్కు మార్సాలనుకున్యా. మరిసిపోయినా."

అంటే ఆ పిల్ల ముందే చెప్పింది. కూత ఆపించింది ఈయన. నీళ్లు చల్లావని నింద వేసిందీ ఈయనే. నా తల కొట్టేసినట్టయింది. "థూ! సిగ్గు లేదా నీకు? ఆడబిడ్డ ఉసురు పోసుకుంటావా? రేప్పొద్దున్నే పొయ్యి గంగులప్పకు చెప్పు" అని అరిచాను. "చెప్తా" అన్నాడు. తెల్లారింది, చెప్పలేదు. మర్నాడూ అరిచాను, మర్నాడూ "చెప్తా" అన్నాడు. మరి నువ్వే చెప్పకపోయావా ఫ్లోరమ్మా అంటారా? కట్టుకున్నవాణ్ణి నలుగురిలో నిలబెట్టడానికి నాకు నోరు రాలేదు. అంత పెద్ద నోరు ఉండి ఏం లాభం!

ఈలోపు యమునను కౌంటరు మీద నుంచి తీసేశారు. సీసాలు కడిగే పని ఇచ్చారు. కొన్నాళ్లు కడిగింది, తర్వాత రావడం మానేసింది. 'యమున పూజ' అనేది మూడు ఊళ్లలోనూ నవ్వులాట అయిపోయింది. ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే, "అభిషేకం జేసినారా ఏమి?" అని మునికుమార్ కుప్పం నుంచి ఫోనులో పగలబడి నవ్వేవాడు. ఈయన ఫోను చెవికి దూరంగా పట్టుకునేవాడు. కొత్త డిస్కులు తెచ్చి మూడు ఊళ్లలోనూ బిగించాడు. మెయిళ్లు రోజూ ఒక్కొక్కటీ తెరిచి చదువుతున్నాడు. చదివి ఏం ప్రయోజనం?

నెల మొదటి ఆదివారం చర్చిలో, రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు బల్ల దగ్గరికి అందరూ వరుసగా పోతుంటే ఈయన లేవలేదు. మా సంఘంలో బల్లకు లేవలేదంటే ఏదో పాపం కడుపులో ఉన్నట్టే లెక్క. నా వెనక బెంచీలో కూర్చునే హెలెన్ ఆంటీ ముందుకు వంగి, "ఏమ్మా ఫ్లోరా, మీ ఇంట్లో అంతా బాగుండారా?" అని దీర్ఘం తీసింది. నాకు భూమిలోకి దిగిపోదామనిపించింది. ఆ తర్వాతి నెలా లేవలేదు. ఇంటికొచ్చి, "దేవుడి ముందర మొహం చెల్లదు గానీ, గంగులప్ప ముందర బాగా చెల్లుతాండాదే నీకు!" అన్నాను. ఆ మాట ఆయనకు ఎక్కడో తగిలినట్టుంది. మరుసటి రోజు గంగులప్ప గారి గదిలోకి పోయాడు.

వచ్చాక చూస్తే మొహం ముందుకన్నా అధ్వాన్నంగా ఉంది.

"చెప్పినావా?"

"చెప్పినా. తప్పు నాదీ ఉంది సార్, నేను సూసుకోవాల్సింది, యమునను మళ్లా పిలిపించండి అన్నాను."

"ఏమన్నాడు?"

"నా భుజం తట్టినాడు." ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "అన్నపూర్ణమ్మను గూడా పిలిచి, సూడు, ఆ పిల్లకోసం నింద తన మీద ఏసుకుంటాండాడు, మన పూజను గూడా ఒక్క మాట అనలేదు, ఇట్లాంటోడు యాడ దొరుకుతాడు అన్నాడు. టీ తెప్పించినాడు."

"తాగినావా?"

తల వంచుకున్నాడు. తాగాడన్న మాట.

"మెయిళ్లు చూపిచ్చినావా?"

"లాప్‌టాప్ బ్యాగులోనే ఉండాది."

"తియ్యలేదా?"

"లేదు."

అబ్బ, ఆ పొద్దు నాకొచ్చిన కోపం! గిన్నెలు విసిరేయాల్సింది, విసరలేదు. ఆయన అంతకుముందు దొంగతనం చేసినట్టుండేవాడు, ఇప్పుడు దొంగకు సన్మానం జరిగినట్టయింది. ఆ మర్యాద ఆయన్ను నిలువునా కోసేసింది. తలుపు వెనక నిలబడి మొగవాడు వెక్కివెక్కి ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. జాలి వేసిందా అంటే వేసింది. కానీ చెప్పాల్సింది చెప్పకుండా ఉండలేకపోయాను. "ఈడ ఏడిస్తే ఏమొస్తుంది? పేరు పోయింది గంగులప్పది కాదు, ఆ పిల్లది. పుంగనూరు పోదాం పద" అన్నాను.

ఇందిరమ్మ ఇడ్లీపాత్ర దింపి పక్కన పెడుతుంటే పోయాం. మమ్మల్ని చూసి ఆమె మొహం చేటంతైంది. "రండి సార్, రండి. మా పిల్ల కోసం గంగులప్ప అయ్యతో మాట్లాడినారంట గదా. మీ కడుపు సల్లగుండ" అని చాప పరిచింది. యమున లోపలి నుంచి వచ్చి గడపలోనే నిలబడింది. చిక్కిపోయింది. సెల్‌ఫోన్ మోగితే కూడా ముట్టకుండా వాళ్లమ్మ వైపు నెట్టింది. "ఇప్పుడు కరెంటు సామానేదీ తాకదమ్మా, తన సెయ్యి మంచిది కాదంటాది" అని ఇందిరమ్మ నాతో గుసగుసగా చెప్పింది.

మా ఆయన బ్యాగులోంచి లాప్‌టాప్ తీశాడు. మూత తెరిచి ఆ పిల్ల ముందర పెట్టాడు. "ఇది సదువు యమునా. తారీకులు సూడు" అన్నాడు.

ఆమె వంగి, ఆయన నేర్పించిన ఇంగ్లీషుతోనే ఒక్కో మాటా పెదవులతో పలుకుతూ చదివింది. ఒకటి చదివి కింది దానికి పోయింది. ఇంకోటి చదివింది. పండగ తేదీ కన్నా అవన్నీ ముందరివే.

"నేను ఫోన్ జేసినప్పటివి గదా సార్ ఇవి?"

"అవును."

"అంటే నీళ్లకు పోలేదా?"

"పోలేదు."

"ఆ పొద్దు నేను ఏడుస్తాంటే మీకు తెలుసా సార్?"

ఆయన నీళ్లు నమలలేదు. అంతవరకు మేలు. "తెలుసు" అన్నాడు.

ఆ పిల్ల తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. "అమ్మా, ఇట్ల రా" అని పిలిచింది. ఇందిరమ్మ కాఫీ గ్లాసులు పట్టుకుని నవ్వుతూ వచ్చింది. "సార్ ఏమో చెప్తాడు, విను. చెప్పండి సార్."

ఆయన ఆమెకు చెప్పాడు. డిస్కులని, మెయిళ్లని, కంట్రోలరని ఏమేమో చెప్పాడు. ఇందిరమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కాఫీ చల్లారిపోతోందని అంది. యమున తల అడ్డంగా ఊపి, "మా అమ్మకు తెలిసేటట్టు చెప్పండి సార్" అంది. ఆయన కళ్లు మూసుకుని మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి అర్థమైంది. గ్లాసులు ఆమె చేతిలోనే ఉండిపోయాయి, మాకు ఇవ్వలేదు.

యమున చెప్పులు వేసుకుని వీధిలోకి దిగింది. "రండి సార్" అంది. ఎక్కడికని ఆయన అడగలేదు, ఆమె వెనక నడిచాడు. కొంగు భుజాల చుట్టూ కప్పుకుని నేనూ నడిచాను. వీధి మొగదాల గురప్ప అంగడి ఉంది. ఆ పిల్ల పోయినప్పుడల్లా, "మా ఫ్రిజ్జు కాడికి రావద్దు తల్లీ, నీళ్లు సల్లేవు" అని ఆటపట్టించే మనిషి అతనే. "మామా, ఈ సార్ మాట విను" అంది. అతను అరటిపళ్ల గెల వదిలేసి, "ఏమప్పా?" అన్నాడు.

"డబ్బా ముందే సెడిపోయింటే ఈ పాప ఫోన్ జేసి చెప్పింది. నేను పట్టించుకోలా. నీళ్లకు పోయిందని నేనే అబద్ధం చెప్పినా" అన్నాడు మా ఆయన.

గురప్ప యమున వైపు చూడలేక అరటిపళ్ల వైపు చూశాడు. "సదువుకున్నోడివి, నీకిదేం పోయేకాలమప్పా!" అన్నాడు. నాకూ ఆ మాట చెంప మీద కొట్టినట్టే తగిలింది.

తర్వాత కొళాయి దగ్గరికి తీసుకుపోయింది. అమ్మవారికి కోపమొచ్చిందని, యమున ముట్టుకోకూడని పొద్దు ముట్టుకుందని ఊరంతా చాటింది అక్కడ బిందె పట్టుకుని నిలబడ్డ కృష్ణమ్మేనంట. ఆమెకూ చెప్పాడు. పక్క అరుగు మీద కూర్చున్న ఆడవాళ్లకూ చెప్పాడు. ప్రతిసారీ మాటలు తగ్గుతూ వచ్చాయి. చివరికి, "తప్పు నాది, ఈ పాపది కాదు, అబద్ధం చెప్పింది నేను" అన్నంత వరకే మిగిలింది. ఒకామె ఉమ్మేసినంత పని చేసి లోపలికి పోయింది. యమున ఎవరితోనూ వాదించలేదు, ఏడవలేదు. చెప్పడం అయిపోగానే ముందుకు నడుస్తోంది.

వీధి అయిపోయింది. మా ఆయన చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. ఆగి, ఆయనే అడిగాడు: "ఇంకా ఎవురన్నా ఉండారా యమునా?"

"ఉండారు సార్" అంది. "బ్రాంచిలో అందురూ ఉండారు. నన్ను తిట్టినాయన ఉండాడు. ఆయన్ను ఆడికే రమ్మనండి."

ఆయన ఫోన్ తీసి గంగులప్ప గారికి చేశాడు. "మళ్లా ఏం సెడిపోయిందప్పా?" అని అటు నుంచి అడగడం నాకూ వినబడింది.

"ఏం సెడిపోలేదు సార్. మీరు పుంగనూరుకు రావల్ల. యమున తప్పేమీ లేదని, నేను అబద్ధం చెప్పినానని అందరి ముందరా చెప్పల్ల. ఆదారం నా దగ్గర ఉండాది, సూపిస్తా. లేదు సార్, ఆ పిల్లకోసం కాదు. నిజంగానే చెప్తాండాను."

యమున ఆయన మొహంలోకే చూస్తూ నిలబడింది. ఒక్క మాట తగ్గించినా ఊరుకునేట్టు లేదు.